పిల్లల లివర్ మార్పిడి తర్వాత మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్తామంటే భయపడాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాపకు తొమ్మిది నెలలు, బరువు 6.2 కిలోలు. బైలరీ అట్రీషియా, అంటే లివర్ నుంచి పేగులోకి బైల్ (పైత్యరసం) వెళ్లే గొట్టాలు మూసుకుపోయే జబ్బు. డెబ్బై అయిదో రోజున, పేగును నేరుగా లివర్‌కు కలిపి బైల్‌కు దారి చేసే ‘కసాయి’ ఆపరేషన్ అయింది కానీ కామెర్లు తగ్గలేదు. ఇప్పుడు వాళ్లమ్మ లివర్‌లో కొంత భాగం తీసి పాపకు అమరుస్తామన్నారు. ‘రక్తనాళంలో గడ్డ కట్టవచ్చు, బైల్ లీకవ్వవచ్చు, మళ్లీ పొట్ట తెరవాల్సి రావచ్చు’ అని చెప్పి సంతకం తీసుకున్నారు. అప్పటి నుంచి మీకు నిద్ర లేదు. ఈ కాంప్లికేషన్లు తగ్గించడానికి డాక్టర్లు ఏం చేస్తారు, మేం ఏం చేయాలి, ఆసుపత్రిని ఏం అడగాలి, బరువు ఇంకాస్త పెరిగేదాకా ఆగాలా అని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్న సర్జన్‌ని. మొదటి ఆరేళ్లు అసిస్టెంటుగా, తర్వాత సొంతంగా. మీ పాప రిపోర్టులు నేను చూడలేదు కాబట్టి ఇలాంటి పిల్లల విషయంలో సాధారణంగా జరిగేదే రాస్తున్నాను. మీ టీమ్ చెప్పేదానికి ఇది అడ్డు రాకూడదు. ముందు ఒక మాట చెప్పాలి. మీరు అన్నిటికన్నా ఎక్కువగా భయపడుతున్నది పాపను మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లడం గురించి. చాలాసార్లు అదే వైద్యం. పిల్లల్ని నేను పోగొట్టుకున్న సందర్భాలు తలుచుకుంటే, మళ్లీ పొట్ట తెరిచినందుకు పోయినవాళ్లకంటే తెరవడానికి వెనకాడినందుకు పోయినవాళ్లే ఎక్కువ.

కొత్త లివర్ బతకాలంటే నాలుగు గొట్టాలు కలపాలి. లివర్ నుంచి గుండె వైపు రక్తం వెళ్లే హెపాటిక్ వెయిన్, పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ వెయిన్, ఆక్సిజన్ ఉన్న రక్తం తెచ్చే హెపాటిక్ ఆర్టరీ, బైల్ బయటికి పోయే డక్ట్. పెద్దవాళ్లలోనూ ఇవే నాలుగు. తేడా అంతా సైజులో ఉంది. ఆరు కిలోల బిడ్డలో ఆ ఆర్టరీ లావు రెండు మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంత కూడా ఉండదు. ఉడికిన సేమియా పోగు అనుకోండి. దానికి ఒక గోడ, లోపల బోలు ఉంటాయి. ఆ గోడ చుట్టూ ఎనిమిదో పదో కుట్లు వేయాలి. వాడే దారం తల వెంట్రుక కన్నా సన్నం, చేతి నుంచి జారితే పచ్చగుడ్డ మీద ఎక్కడ పడిందో కనిపించదు. ఒక్క కుట్టు లోపలి పొరను సరిగ్గా పట్టుకోకపోయినా అక్కడ రక్తం తట్టుకుని గడ్డ మొదలవుతుంది.

అసలు ఈ ఆపరేషన్ పుట్టిందే పిల్లల్లో. 1963లో అమెరికాలోని డెన్వర్‌లో సర్జన్ థామస్ స్టార్జల్ మొదటిసారి మనిషికి లివర్ మార్చడానికి ప్రయత్నించింది మూడేళ్ల బాబుకు. జబ్బు మీ పాపదే. రక్తస్రావం ఆగక ఆ బాబు టేబుల్ మీదే పోయాడు. ఏడాది దాటి బతికిన మొదటి పేషెంటు 1967లో ఆపరేషన్ అయిన, రెండేళ్లు కూడా నిండని పాప. ఆ తర్వాత కూడా చిన్న సైజు లివర్లు దొరక్క చాలామంది పిల్లలు ఎదురుచూస్తూనే పోయేవారు. 1989లో బ్రిస్బేన్‌లో రస్సెల్ స్ట్రాంగ్ ఒక జపాన్ తల్లి లివర్ ముక్కను ఆమె కొడుక్కి అమర్చి, బతికున్నవాళ్ల నుంచి తీసుకోవచ్చని చూపించాడు. జపాన్‌లో అప్పటికి బ్రెయిన్ డెడ్ దాతల చట్టమే లేదు. అందుకే క్యోటోలో కోయిచీ తనాకా బృందం తల్లిదండ్రుల దానం మీదే నిలబడింది. తెగిన వేళ్లు అతికించడానికి ప్లాస్టిక్ సర్జన్లు వాడే మైక్రోస్కోప్‌ను పసిపిల్లల హెపాటిక్ ఆర్టరీ మీదికి తెచ్చినవాళ్లూ వాళ్లే. మన దేశంలో 1998లో ఢిల్లీ అపోలోలో తండ్రి లివర్ భాగం పెట్టించుకున్న చిన్న బాబు ఇప్పుడు తనే డాక్టరయ్యాడు. అతనిదీ బైలరీ అట్రీషియానే.

ఇక అసలు విషయం. మాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది హెపాటిక్ ఆర్టరీలో గడ్డ. పోర్టల్ వెయిన్ నుంచి రక్తం వస్తూనే ఉంటుంది కదా, ఆర్టరీ పోతే ఏమైంది అనిపించవచ్చు. కానీ బైల్ డక్టులకు రక్తం ఆర్టరీ నుంచి మాత్రమే అందుతుంది. ఆర్టరీ మూసుకుంటే డక్టులు లోపల కుళ్లిపోతాయి, లివర్‌లో చీము గడ్డలు పడతాయి, చివరికి ఇంకో లివర్ కావాల్సి వస్తుంది. ఒకప్పుడు పిల్లల్లో నూటికి 10 మందికి పైగా ఇలా అయ్యేది. మైక్రోస్కోప్‌ కానీ, పవర్ ఎక్కువున్న కళ్లద్దాల లాంటి లూప్స్ కానీ వాడి, ఆ ఒక్క కుట్టు పనిలోనే చేయి తిరిగినవాళ్లు చేసే చోట అది 5 లోపుకు వచ్చింది.

కానీ కుట్టు బాగా వేయడంతో పని అయిపోదు. మొదటి పది రోజులు రక్తాన్ని కొంచెం పలచగానే ఉంచాలి. ఇక్కడే తల్లిదండ్రులకూ మాకూ తరచూ గొడవ. ‘హిమోగ్లోబిన్ 8.5 ఉంది డాక్టర్, రక్తం ఎందుకు ఎక్కించట్లేదు, డోనర్లు కింద రెడీగా ఉన్నారు’ అంటారు. కావాలనే ఎక్కించం. 8 నుంచి 10 మధ్యలో ఉంచుతాం. 12కు తీసుకెళ్తే రక్తం చిక్కబడి, ఆ రెండు మిల్లీమీటర్ల గొట్టంలో పారడం కష్టమవుతుంది. అలాగే పరీక్షలో రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం కొంచెం ఎక్కువ వచ్చిందని, గడ్డకట్టడానికి సాయపడే ప్లాస్మా మీద ప్లాస్మా ఎక్కించడం కూడా తప్పే. రక్తస్రావం లేనప్పుడు ఆ అంకెను సరిచేయబోతే గడ్డను పిలిచి మరీ కూర్చోబెట్టినట్టు. చాలాచోట్ల మొదట్లో గడ్డకట్టకుండా చేసే హెపారిన్ కొద్ది మోతాదులో ఇచ్చి, తర్వాత కొన్ని నెలలు చిన్న డోసు ఆస్పిరిన్ ఇస్తారు. బీపీ పడిపోకుండా, ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం కూడా ఇందులో భాగమే.

తర్వాతది డాప్లర్, అంటే నాళాల్లో రక్తం పారుతోందో లేదో చూసే స్కాన్. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీరు గట్టిగా అడిగి కనుక్కోగలిగింది ఇదే.

ఏడు కిలోల బాబు, ఆపరేషన్ అయి మూడో రోజు. బాగున్నాడు. వాళ్ల నాన్న ఫోన్‌లో పాట పెడితే కాళ్లాడిస్తున్నాడు. సాయంత్రం పంపిన లివర్ ఎంజైములు (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగేవి) ముందు రోజు కన్నా తగ్గాయి. రాత్రి పది గంటల డాప్లర్‌కు రేడియాలజీ అమ్మాయి వచ్చి జెల్ రాసి ప్రోబ్ పెట్టింది. మామూలుగా రెండు నిమిషాల్లో ఆర్టరీ చప్పుడు వినిపిస్తుంది, బట్టలు ఉతికినట్టు దబ్ దబ్‌మని. ఆ రోజు ఐదు నిమిషాలైంది, పదైంది, ఆ అమ్మాయి మాట్లాడకుండా వెతుకుతూనే ఉంది. నాకు ఫోన్ చేసి, ‘పోర్టల్ వస్తోంది సార్, ఆర్టరీ దొరకట్లేదు’ అంది. ఇంకో సీనియర్ చూశారు, ఆమెకూ దొరకలేదు. పన్నెండున్నరకల్లా బాబు థియేటర్‌లో ఉన్నాడు. గడ్డ బియ్యపు గింజంత ఉంది. తీసేసి, ఆర్టరీ చివర కొంచెం కత్తిరించి, కుట్లు మళ్లీ వేశాం. ఆ లివర్ నిలిచింది. బాబు ఇప్పుడు మూడో క్లాసు.

నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో (పేరు అనవసరం) ఆదివారం డాప్లర్ చేసేవాళ్లు ఉండేవారు కాదు. శనివారం బాగుంది, సోమవారం చూద్దాం అనుకున్నాం. సోమవారం ఎంజైములు వేలల్లోకి వెళ్లాయి, జ్వరం మొదలైంది. అప్పుడు గడ్డ తీసినా ఫలితం లేకపోయింది. రెండు చోట్లా కుట్టు వేసిన చేతులు మంచివే. తేడా ఆదివారంలో ఉంది.

అందుకే మొదటి వారం రోజుకు రెండుసార్లు డాప్లర్ చేయాలి, ఆదివారమైనా పండగైనా. మంచంలో బిడ్డ ఎంత హుషారుగా ఉన్నా చేయాలి, ఎందుకంటే ఆర్టరీ గడ్డ మొదట్లో ఏ లక్షణమూ చూపించకపోవచ్చు. డాప్లర్‌లో అనుమానం వస్తే సీటీ యాంజియో (నాళాలను చూపించే సీటీ స్కాన్) తీస్తారు. అది ఆలస్యమయ్యేలా ఉంటే నేరుగా థియేటర్‌కే తీసుకెళ్తారు. తెరిచి చూస్తే ఆర్టరీ బాగానే ఉండటం కూడా జరుగుతుంది. నాకు అలా రెండు మూడుసార్లు జరిగింది. ‘అనవసరంగా కోశారు’ అని ఒక తాతగారు నన్ను చాలా మాటలన్నారు. పడ్డాను. అలాంటి మాటలకు భయపడి ఆగే సర్జన్ కన్నా పడే సర్జన్ మీకు మేలు.

పోర్టల్ వెయిన్ సంగతి మీ పాపకు ఇంకా దగ్గరిది. బైలరీ అట్రీషియాలో, అందులోనూ కసాయి తర్వాత పదే పదే డక్టులకు ఇన్‌ఫెక్షన్ వచ్చిన పిల్లల్లో, ఈ నాళం సన్నబడి గట్టిపడుతుంది. నాలుగు మిల్లీమీటర్లకన్నా తక్కువ ఉంటే ముందే జాగ్రత్తపడాలి. ఆ సన్నటి చివరకే కొత్త లివర్‌ను కలిపితే రక్తం చాలదు, గడ్డ కడుతుంది. కాబట్టి నాళాన్ని వెనక్కి, అది లావుగా ఉన్న చోటిదాకా విడదీసి అక్కడ కలుపుతారు. లేదా పొడుగ్గా చీల్చి ఇంకో సిర ముక్కను అతుకుగా వేసి వెడల్పు చేస్తారు, లంగా ఇరుకైతే పక్కన గుడ్డ వేసి వదులు చేసినట్టు. రక్తాన్ని దారి మళ్లించే పక్క సిరలుంటే వాటిని కట్టేస్తారు. ఇవన్నీ టేబుల్ మీద నిర్ణయించుకోవచ్చు, కానీ సీటీ యాంజియోలో ముందే చూసుకుని వెళ్లడం వేరు. మీ డాక్టర్‌ను ‘పాప పోర్టల్ వెయిన్ ఎన్ని మిల్లీమీటర్లుంది’ అని అడగండి. ఠక్కున అంకె చెప్పారంటే ప్లాన్ తయారై ఉందని అర్థం.

లివర్ నుంచి రక్తం బయటికి వెళ్లే వైపు పెద్ద సమస్య ముక్క మెలిపడటం. సర్జన్లు హెపాటిక్ వెయిన్ నోటిని త్రికోణంలా వెడల్పుగా కోసి కలుపుతారు, ముక్క పక్కకు ఒరగకుండా దాని లిగమెంట్‌ను పొట్ట గోడకు కుట్టేస్తారు. ఇందులో మీరు చేయగలిగింది లేదు.

ఇప్పుడు పొట్ట మూయడం. ఇది చదివితే మీకు రేపు ఐసీయూలో ఒక షాక్ తప్పుతుంది. పెద్దవాళ్ల లివర్‌లో ఎడమ పక్క చిన్న భాగం కూడా సుమారు 250 గ్రాములు తూగుతుంది. మీ పాప 6.2 కిలోలు. లెక్కేస్తే ఆ ముక్క పాప బరువులో 4 శాతం. మాకు కనీసం 0.8 నుంచి 1 శాతం కావాలి. 4 దాటితే మాత్రం మరీ పెద్దది. అంత ముక్కను చిన్న పొట్టలో కుక్కి కండరం బిగించి కుడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. నాళాలు నొక్కుకుపోతాయి, కిడ్నీలు మూత్రం తయారు చేయడం మానేస్తాయి, ఊపిరి ఆడదు. కష్టపడి కలిపిన ఆర్టరీ, పోర్టల్ రెండూ ఈ ఒత్తిడికే పోవచ్చు.

నా తొలి రోజుల్లో ఈ తప్పు నేనే చేశాను. పది గంటల ఆపరేషన్ చివర, అందరూ అలసిపోయి ఉన్నారు, కండరం రెండు అంచులూ కొంచెం లాగితే కలిసేలా ఉన్నాయి. లాగి కుట్టాను. ఐసీయూకు వెళ్లిన నాలుగు గంటలకు మూత్రం ఆగిపోయింది, డాప్లర్‌లో పోర్టల్ రక్తం నత్తలా నడుస్తోంది. వెనక్కి తీసుకెళ్లి కుట్లు విప్పగానే, కళ్ల ముందే లివర్ ముదురు రంగు నుంచి మామూలు రంగుకు వచ్చింది. అప్పటి నుంచి అనుమానం ఉంటే బిగించను. ముక్కనే పలచగా చేయవచ్చు, అంటే అంచులు, మందం తగ్గించి సైజుకు తేవచ్చు. అప్పటికీ పట్టకపోతే పైచర్మం మాత్రం కుట్టి కండరం వదిలేస్తాం, లేదా తాత్కాలికంగా ఒక షీట్ వేసి మూసి, కొన్ని రోజులకు వాపు తగ్గాక సరిగ్గా మూస్తాం. ‘పొట్ట తెరిచే వదిలేశారు’ అని ఫోన్లు చేసుకుని ఏడ్చే కుటుంబాల్ని చాలా చూశాను. మీరు ఏడవకండి. రెండోసారి థియేటర్‌కు వెళ్లడం అక్కడ మొదటి రోజు నుంచే ప్లాన్‌లో ఉన్న పని. వాళ్లమ్మ ముక్క బరువు సీటీలో ముందే అంచనా వేస్తారు. ఆ అంకె కూడా అడగండి.

కసాయి అయిన పిల్లల్లో ఇంకొకటుంది, కౌన్సెలింగ్ కాగితంలో దీనికి అర లైను కూడా ఇవ్వరు. పాత ఆపరేషన్ వల్ల పేగులు లివర్‌కు అతుక్కుని ఉంటాయి. విడదీసేటప్పుడు కంటికి కనిపించని దెబ్బ తగిలిన చోట ఐదో రోజో పదో రోజో పేగుకు చిల్లు పడవచ్చు. ఆ సమయంలో పిల్లలు స్టెరాయిడ్ మీద ఉంటారు కాబట్టి జ్వరం రాకపోవచ్చు, పొట్ట గట్టిపడకపోవచ్చు. గుండె వేగం పెరుగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, బిడ్డ చిరాగ్గా ఉంటుంది, పాలు వద్దంటుంది. అంతే. తల్లులు, అమ్మమ్మలు దీన్ని మాకన్నా ముందు పసిగడతారు. ‘నిన్నటిలా లేదు డాక్టర్, ఏదో తేడాగా ఉంది’ అంటే నేను ఎప్పుడూ కొట్టిపారేయను. ఎక్స్‌రే బాగున్నా రెండోసారి చూస్తాను. ఇందులో కూడా త్వరగా తెరిచి కుట్టేస్తే బిడ్డ నిలుస్తుంది. సర్జన్ వైపు జాగ్రత్త ఏంటంటే ఆ అతుకులు విడదీయడంలో తొందరపడకపోవడం, పేగు దగ్గర కరెంటుతో కాల్చే పరికరం వాడకపోవడం. ఆ రెండు మూడు గంటలు బయట కూర్చున్నవాళ్లకు నరకమే. లోపల ఏమీ జరగనట్టే ఉంటుంది కానీ అక్కడే సగం ఆపరేషన్ జరుగుతుంటుంది.

బైల్ సమస్యలు సంఖ్యలో అన్నిటికన్నా ఎక్కువ. ఆయా కేంద్రాల లెక్కలను బట్టి నూటికి 10 నుంచి 30 మంది దాకా పిల్లల్లో కనిపిస్తాయి. అయితే వీటితో ప్రాణం మీదికి రావడం తక్కువ. మొదటి రెండు వారాల్లో లీకైతే పొట్టకు పెట్టిన డ్రెయిన్ గొట్టంలో నీరు పసుపు పచ్చగా, తర్వాత ఆకుపచ్చగా మారుతుంది. చిన్న లీకు డ్రెయిన్‌తోనే మూసుకుంటుంది, పెద్దదైతే మళ్లీ తెరిచి కుట్టాలి. నెలల తర్వాత వచ్చేది కుట్టు దగ్గర సన్నబడటం. దీనికి మొదటి గుర్తు చాలాసార్లు దురద. కామెర్లు ఉండవు, బిల్‌రూబిన్ నార్మల్, స్కాన్ కూడా నార్మల్ అంటారు, కానీ రక్తపరీక్షలో జీజీటీ అనే అంకె పెరుగుతూ పోతుంది. అప్పుడు చర్మం మీదుగా సూదితో లివర్‌లోని డక్టులోకి వెళ్లి, బెలూన్‌తో వెడల్పు చేసి, కొన్నాళ్లు గొట్టం ఉంచుతారు. ఇది చేయగల ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, పిల్లల్లో చేసిన అనుభవం ఉన్నవాళ్లు, ఆ ఆసుపత్రిలో ఉన్నారా అన్నది ముఖ్యం.

ఇక మీ చేతిలో ఉన్నది, నా లెక్కలో సర్జన్ చేతిలో ఉన్నంత బరువైనది: పాప తిండి. బైల్ పేగులోకి రాకపోతే కొవ్వు అరగదు. మామూలు పాలు ఎన్ని తాగినా బయటికే పోతాయి. అందుకే ఎంసీటీ అనే, బైల్ లేకపోయినా ఒంటికి పట్టే కొవ్వున్న పొడి, నూనె ఇస్తారు. ఇలాంటి పిల్లలకు మామూలు వయసు లెక్క కన్నా 30 నుంచి 50 శాతం ఎక్కువ క్యాలరీలు కావాలి. నోటితో అంత తాగలేరు. ముక్కులో సన్నటి ట్యూబ్ వేసి రాత్రంతా చుక్కలుగా పాలు వదలడం అందుకే. చూడటానికి జాలేస్తుంది, చుట్టాలు వచ్చి ‘పాపం, పసిదానికి ముక్కులో పైపా’ అంటారు. వేయించండి. లివర్ జబ్బు కదా అని పప్పు, గుడ్డు తగ్గించేవాళ్లు ఇంకా ఉన్నారు, డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప తగ్గించకండి. ఏ, డీ, ఈ, కే విటమిన్లు ఆపకండి. బరువు చూసుకునేటప్పుడు ఒక మోసం ఉంది: పొట్టలో నీరు చేరితే తూకం పెరుగుతుంది, బిడ్డ మాత్రం ఎండిపోతూ ఉంటుంది. కాబట్టి భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత టేపుతో వారానికోసారి కొలిచి రాసుకోండి. కండ పట్టిన బిడ్డకు గాయం మానుతుంది, వెంటిలేటర్ త్వరగా తీస్తారు, ఇన్‌ఫెక్షన్ తక్కువ.

ఆగాలా అంటే, ఎనిమిది కిలోలు రావాలి లాంటి అంకె కోసం ఆగకండి. ఆరు కిలోలంటే చిన్నబిడ్డే కానీ చేయకూడనంత చిన్న కాదు. ట్యూబ్ ఫీడింగ్‌తో మూడు నాలుగు వారాల్లో చేతి కొలత పెరుగుతుంటే, కామెర్లు నిలకడగా ఉంటే, ఆ కొద్ది వారాలు పెట్టుబడి లాంటివి. చేతి కొలత తగ్గుతూ, పొట్టలో నీరు, పదే పదే జ్వరాలు, రక్తం వాంతి లాంటివి వస్తుంటే ఎనిమిది కిలోలు ఎప్పటికీ రావు. ఆ పరిస్థితిలో ఎదురుచూడటమే రిస్కు. ఈ గ్యాప్‌లో టీకాలు కూడా పూర్తి చేయించండి. తట్టు, ఆటలమ్మ లాంటి లైవ్ టీకాలు మార్పిడికి కనీసం నాలుగు వారాల ముందే అయిపోవాలి, తర్వాత మామూలుగా ఇవ్వరు. ఎవరైనా పసరు మందు తెస్తే ఆప్యాయంగా తీసుకుని పక్కన పెట్టేయండి. కామెర్లకు పసరు పోయించుకుంటూ రెండు నెలలు దాటించి, తెల్లటి దొడ్డి చూసి కూడా ఆలస్యంగా వచ్చినవాళ్ల పిల్లలే మా దగ్గర సగం మంది. మిమ్మల్ని అనడం లేదు.

ఆసుపత్రిని ఏం అడగాలన్నారు. పది కిలోల లోపు పిల్లలకు ఏడాదికి ఎన్ని చేస్తున్నారో అడగండి, మొత్తం మార్పిడులు ఎన్నో కాదు. వాళ్లలో ఏడాది తర్వాత ఎంతమంది బాగున్నారో అడగండి. మంచి కేంద్రాల్లో ఇది నూటికి 90 దగ్గర ఉంటుంది. రాత్రి, ఆదివారం డాప్లర్ ఎవరు చేస్తారు, అనుమానం వస్తే ఎన్ని గంటల్లో థియేటర్ దొరుకుతుంది అని అడగండి. మళ్లీ ఆపరేషన్ అయితే ఖర్చు ప్యాకేజీలోనా, బయటా అని తప్పకుండా అడిగి రాయించుకోండి. సిగ్గుపడకండి. అర్ధరాత్రి డబ్బు మాట్లాడాల్సి రావడం కన్నా ఘోరం లేదు. ఒకవేళ రెండో లివర్ అత్యవసరమైతే జీవన్‌దాన్‌లో (చనిపోయిన దాతల అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకంలో) పేరు ఎలా నమోదు చేస్తారో కూడా ముందే తెలుసుకోండి. ఖర్చు భారమైతే ప్రభుత్వ వైపు కూడా కనుక్కోండి. హైదరాబాద్ ఉస్మానియాలో 2024లో మూడేళ్ల బాబుకు తల్లి లివర్ భాగం అమర్చారు. ‘మా దగ్గర కాంప్లికేషన్లే లేవు’ అన్న చోటు మాత్రం నాకు నచ్చదు. చిన్నపిల్లల్లో చేస్తూ అవి లేవంటే వెతకడం లేదని అనుకుంటాను.

ఇంటికి వచ్చాక, కొత్త లివర్‌ను ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ మందే మీ గడియారం అవుతుంది. పన్నెండు గంటలకోసారి, అదే టైముకి. ఒంట్లో ఆ మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్షకు రక్తం పొద్దుటి డోసు వేయకముందు ఇవ్వాలి. వేసి వెళ్తే అంకె తప్పు వస్తుంది, డోసు తప్పుగా మారుస్తారు. విరేచనాలు అయితే మందు పట్టదనుకుంటాం కానీ పిల్లల్లో తరచూ లెవెల్ పెరుగుతుంది, కాబట్టి ఫోన్ చేయండి. ఊళ్లో డాక్టర్ దగ్గు కోసం యాంటీబయాటిక్ రాస్తే వేసేముందు ట్రాన్స్‌ప్లాంట్ నర్సుకు చెప్పండి. క్లారిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ లాంటివి లెవెల్‌ను పైకి తోస్తాయి, టీబీ మందు రిఫాంపిసిన్ కిందికి లాగుతుంది. పంపరపనస పెట్టకండి, అది కూడా లెవెల్ పెంచుతుంది. నెలల తర్వాత పాప ఉన్నట్టుండి వాంతులు చేసుకుంటూ ఆయాసపడితే అజీర్తి అనుకోకుండా ఛాతీ ఎక్స్‌రే తీయించండి. అరుదుగా ఉదరవితానంలో (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొరలో) కంత పడి పేగు ఛాతీలోకి జారుతుంది. నేను రెండు కేసులు చూశాను, ఒకరికి ఊళ్లో మూడు రోజులు గ్యాస్ మందు వేశారు.

వాళ్లమ్మ గురించి మీరు ఒక్క ముక్క కూడా అడగలేదు, అందుకే చెబుతున్నాను. ఆమె నుంచి తీసేది లివర్‌లో సుమారు నాలుగో, అయిదో వంతు. అంతా సవ్యంగా ఉంటే వారం లోపే ఇంటికి వెళ్తుంది, మిగిలిన లివర్ కొన్ని వారాల్లో పెరుగుతుంది. కానీ ఆమెకూ నొప్పి ఉంటుంది, ఆమెకూ లీకు రావచ్చు, మూడో అంతస్తులో ఆమె, అయిదో అంతస్తులో పాప, మీరు మెట్ల మీద. ఆ వారం మీరొక్కరే సరిపోరు. అమ్మమ్మనో నానమ్మనో ఇప్పటి నుంచే పాప దగ్గర పెట్టండి. ట్యూబ్‌లో పాలు ఎలా పట్టాలో, పట్టేముందు ట్యూబ్ సరైన చోట ఉందో లేదో ఎలా చూడాలో నర్సు దగ్గర ఆమెకు నేర్పించండి. డ్రెయిన్ రంగు, మూత్రం, పాలు ఎన్ని మిల్లీలీటర్లు అన్నది రాయడానికి ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొనండి, మా రౌండ్లలో ఆ పుస్తకం ముందు చూసే అలవాటు నాకుంది.